పిల్లి అరుపుకు అర్థం చెప్పే ఫోన్ యాప్‌లు: మన ఇళ్లల్లో ఎంతవరకు పనికొస్తాయి?

రేటింగు: ఐదుకు రెండున్నర. అది కూడా అనువాదానికి కాదు, రికార్డింగుకు.

ఈ రకం యాప్‌లు చేసే పని దాదాపు ఒకటే. పిల్లి అరవగానే మైకు ఆ ముక్కను పట్టి, ముందే పేర్లు పెట్టి ఉంచిన అరుపులతో పోల్చి, దగ్గరగా ఉన్నదాన్ని ‘ఆకలేస్తోంది’ అనో ‘నన్ను వదిలెయ్’ అనో తెర మీద చూపిస్తుంది. ఆలోచన ఒట్టిదేం కాదు. మిలాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో 21 పిల్లుల అరుపులను కంప్యూటర్‌తో వేరుచేయించారు. తిండికి ఎదురుచూడటం, దువ్వించుకోవడం, కొత్తచోట ఒంటరిగా ఉండటం: సందర్భాలు ఈ మూడే. పైగా ఆ పిల్లులు మెయిన్ కూన్, యూరోపియన్ షార్ట్‌హెయిర్ జాతులవి. నల్గొండ గల్లీలో గోడలు దూకే పిల్లికి ఆ కొలతలు అట్లనే సరిపోతాయనుకోలేం.

అసలు చిక్కు ఇంకోటుంది. పెద్ద పిల్లులు తమలో తాము మ్యావ్‌మనడం చాలా తక్కువ. ఆ అరుపు ఎక్కువగా మనుషుల కోసమే. ఏ ఇంట్లో ఏ అరుపుకు గిన్నె నిండిందో, ఆ ఇంట్లో ఆ అరుపే నిలబడిపోతుంది. అందుకే యాప్ ముందే పెట్టి ఇచ్చే రెడీమేడ్ లేబుళ్లను (అరుపుల పేర్లను) పక్కనపెట్టి మీవి మీరే పెట్టుకోండి. అరిచిన వెంటనే పెట్టొద్దు. గిన్నె దగ్గరికి పోయిందా, తలుపు దగ్గరికి పోయిందా చూసి పెట్టాలి. చేప ముక్క వేసి ‘తిన్నది కాబట్టి ఆకలే’ అనుకుంటే లేబుల్ తప్పుతుంది; చేప వేస్తే కడుపు నిండిన పిల్లి కూడా తింటుంది.

ఎండాకాలం కూలర్ నడిచే గదిలో ఈ యాప్‌లు దాదాపు చెవిటివి. షాబాద్ బండలు, పైన స్లాబు ఉన్న ఖాళీ గదిలో ప్రతిధ్వని వేరే కష్టం. ఫోన్‌ను మడతపెట్టిన తువ్వాల మీద, మైకు చివర పిల్లివైపు ఉండేట్టు, మీటరు లోపు పెడితే కొంత నయం. గుర్రుమనే చప్పుడైతే అప్పుడు కూడా సరిగా అందదు. అది సుమారు 25–30 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, ఫోన్ మైకులు అంత కింది స్వరాన్ని సరిగా పట్టలేవు. పట్టినా ‘సంతోషం’ అని రాసేస్తే నమ్మొద్దు. తిండి అడిగే గుర్రులో సన్నని ఏడుపులాంటి స్వరం కలిసి ఉంటుందని 2009లోనే పరిశోధకురాలు కరెన్ మెకాంబ్ బృందం చూపించింది. నొప్పితో ఉన్న పిల్లి కూడా గుర్రుమంటుంది.

ఇక కళ్లు. చప్పుడు మాత్రమే వినే యాప్ వీటిని ఎట్లా చూస్తుంది? పిల్లి చెప్పేదాంట్లో పెద్ద భాగం అక్కడే ఉంది. సస్సెక్స్ విశ్వవిద్యాలయం 2020లో ప్రచురించిన ప్రయోగాల్లో, మనిషి నెమ్మదిగా కళ్లు మూసి తెరిస్తే పిల్లులు కూడా అట్లా చేయడం పెరిగింది, కొత్త మనిషి దగ్గరికి కూడా ఎక్కువగా వచ్చాయి. మీరు చేయాలంటే మీటరు దూరంలో, దాని ఎత్తుకు దగ్గరగా కింద కూర్చోండి. రెప్పలు సగం దించండి, ఇంకోసారి దించండి, తర్వాత రెండు క్షణాలు పూర్తిగా మూసి, తెరిచి, చూపు పక్కకు తిప్పండి. గుడ్లప్పగించి చూస్తే బెదిరింపనుకుంటుంది. ఫోన్ ముఖానికి అడ్డం పెట్టుకుని చేస్తే దానికి మీ కళ్లే కనబడవు.

మధ్యాహ్నం వాకిట్లో కళ్లు చికిలించడం ఎండ వల్ల కావచ్చు, ప్రేమ అనుకోవద్దు. ఒక్క కన్నే మూసి నీరు కారుతుంటే దెబ్బో పుండో కావచ్చు. వెలుతురున్న గదిలోనూ కంటిపాపలు గుండ్రంగా విచ్చుకుని, చెవులు వెనక్కి వాలితే భయం. అప్పుడు యాప్ ఏం రాసినా చెయ్యి చాపొద్దు.

ఒక్క సందర్భంలో యాప్ తెరవనే వద్దు. మగపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుని, చుక్క రాక, సాగదీసి అరుస్తుంటే మూత్రనాళం అడ్డుపడిందనే అనుకోవాలి. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. నేరుగా పశువుల దవాఖానకు తీసుకుపోండి. మిగతా జబ్బుల్లో మాత్రం తేదీ, టైముతో ఉన్న రికార్డింగు డాక్టరుకు నిజంగా పనికొస్తుంది: రాత్రిళ్లు అరవడం ఎప్పటినుంచి పెరిగిందో అందులో తెలిసిపోతుంది.

ఏడాది చందా కట్టాల్సిన పనిలేదు. సొంత లేబుల్, రికార్డింగు దాచుకోవడం, ఈ రెండూ ఉచితంగా ఇచ్చే యాప్ చాలు. మైకు అనుమతి ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని పెట్టండి. లేకపోతే బ్యాటరీ అయిపోవడమే కాదు, ఇంట్లో మాటలు కూడా బయటికి పోవచ్చు.