2018, 2019, 2021: ఎర్ర బర్గండీలో ఏది మేలు?

ఎర్ర బర్గండీ అంటే ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు రెడ్ వైన్, అందులో ద్రాక్ష దాదాపుగా పినో నువా ఒక్కటే. పలచని తొక్క ద్రాక్ష, ఎండా వానా ఏది తగిలినా వైన్‌లో బయటపడిపోతుంది. పంట ఏడాదులను పోల్చాలంటే నిర్మాత, ఊరు రెండూ ఒకటే ఉండాలి, ఉదాహరణకు జెవ్రే షాంబర్తాన్. ఊళ్లు కలిపేస్తే తేడా ఏడాదిదో నేలదో తేలదు.

వయసును కాదు, నోట్లో తోచే బరువును చూసి రుచి చూసే వరుస పెట్టండి: 2021, 2019, ఆఖరున 2018. తిరగేస్తే 2021 నీళ్లలా తోస్తుంది. ఒకే రకం గ్లాసుల్లో 50 మిల్లీలీటర్ల చొప్పున, 15-16 డిగ్రీల దగ్గర పోయాలి. మే నెల హైదరాబాద్‌లో గది వేడిమీదే తాగితే ముక్కుకు ఆల్కహాల్ ఘాటే తగులుతుంది. మరీ చల్లబడితే వాసన అణిగి వగరు మిగులుతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా చెడిందన్నమాట, ఆ సీసాతో ఏడాదిని తూచకండి.

2021 ఏప్రిల్ మొదట్లో మంచు చిగుళ్లను మాడ్చింది, తర్వాత వానలకు బూజు తెగులు పట్టింది. పండులో తీపి తగ్గడంతో చాలామంది పులిసేటప్పుడు చక్కెర కలిపారు. అది చట్టబద్ధమే, ఆల్కహాల్ పెరుగుతుంది గానీ తీపి మిగలదు. రంగు లేత, రుచి ఎర్ర చెర్రీ, పులుపు స్పష్టం. పచ్చి కాడల వాసన వస్తే తొందరపడొద్దు: రుచి పలచగా, పులుపు కోస్తున్నట్టు ఉంటే ద్రాక్ష పండలేదు, పండు రుచి నిండుగా ఉంటే గుత్తులను కాడలతో సహా పులియబెట్టారన్నమాట.

2018 ఎండల ఏడాది. కోత ఆలస్యమైన చోట ఆల్కహాల్ 14 శాతం దాటి, జామ్, ఎండు ప్రూన్ రుచి వచ్చింది. కొన్నింట్లో పులియడం సాగిసాగి నెయిల్ పాలిష్ వాసన చేరింది. నిర్మాత తెలియకుండా కొనొద్దు. కారం కూరల పక్కనా వద్దు, ఆల్కహాల్ మంటను పెంచుతుంది.

2019 కూడా వేడి ఏడాదే. కానీ నీళ్లు చాలక రసం తగ్గి తీపితో పాటు పులుపూ చిక్కబడింది. దాచుకోవడానికి ఈ మూడింట్లో ఇదే మేలు. ప్రీమియర్ క్రూ (మేలైన తోటలకిచ్చే హోదా) అయితే గంట ముందు డికాంటర్‌లో, అంటే గాలి తగిలే వెడల్పాటి గాజు పాత్రలో పోయండి. 2021ని మాత్రం అలా పోస్తే ఉన్న పరిమళం కాస్తా పోతుంది.

ఈ రాత్రికే కావాలంటే 2021 కన్నా 2017 వెతకండి. పంట పుష్కలం, వగరు మెత్తన. దిగుబడి పడిపోయినందువల్ల 2021 చవకగానూ దొరకదు.