“నాలుగింటికీ మూలం ఒకటే” అనే ప్యాకేజీకి డబ్బు కట్టకండి

పిల్లల ఎదుగుదల సమస్యలన్నింటికీ ఒకే ప్యాకేజీ అని ఊదరగొడుతున్న కేంద్రం ఏదో మీలో చాలామందికి తెలుసు. ఆ వీడియోలు చూసే ఉంటారు. పేరు రాయను, రాయకపోయినా గుర్తుపడతారు. వచ్చే నెల చేరబోతున్నవాళ్లు ఇది చదివాక కట్టాలో వద్దో నిర్ణయించుకోండి.

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. వాడికి ఆటిజం (నలుగురితో కలవడం, మాట్లాడడం కష్టమయ్యే ఎదుగుదల తేడా), ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, కుదురు లేకపోవడం), ఆందోళన రుగ్మత, డిస్‌లెక్సియా (చదవడంలో ఇబ్బంది) ఉన్నాయని డాక్టర్లు రిపోర్టు ఇచ్చారు. ఒక్కొక్కటి తేలడానికే ఏళ్లు పట్టింది. ఆ రిపోర్టు పట్టుకుని మొదటిసారి వెళ్లినప్పుడు డైరెక్టరుగారు దాన్ని పూర్తిగా చదవనే లేదు. బల్ల మీద పక్కకు నెట్టేసి, “ఇవన్నీ డాక్టర్లు అంటించే చీటీలమ్మా. పేర్లు నాలుగు, మూలం ఒకటే. దాన్ని సరిచేస్తే నాలుగూ పోతాయి” అన్నారు. వెనక గోడ మీద “ఒకటికి మించి సమస్యలున్న పిల్లలే మా ప్రత్యేకత” అని పెద్ద అక్షరాలు. నాలుగు చోట్లకు తిరిగి అలసిపోయిన మనిషికి “ఒకటే” అన్న మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో వాళ్లకు బాగా తెలుసు. వాళ్ల అసలు వైద్యం అదే కాబోలు.

సొమ్మంతా ముందే కట్టించుకున్నారు. అప్పటిదాకా వేరేచోట చేయిస్తున్న స్పీచ్ థెరపీ (మాట నేర్పేది), ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు నేర్పేది) ఆపేయాలట, రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదట. ఆపాను. ఇప్పుడు స్పీచ్ థెరపిస్టు దగ్గర వాడి సమయం మరో బిడ్డకు వెళ్లిపోయింది, మేము వరసలో చివర నిలబడ్డాం. డబ్బు కంటే ఇదే ఎక్కువ మండుతోంది.

మందులు కూడా ఆపమన్నారు, లేకపోతే వాళ్లిచ్చే చుక్కల మందు పనిచేయదట. అదృష్టం కొద్దీ డాక్టరుకు ఫోన్ చేశాను. వాడు వేసుకునే వాటిలో క్లోనిడిన్ ఉంది, అది రక్తపోటు తగ్గించే మందు, ఏడీహెచ్‌డీకి కూడా ఇస్తారు. దాన్ని ఒక్కసారిగా మానేస్తే రక్తపోటు ఎగబాకుతుందని, తగ్గించాలన్నా మెల్లగా తగ్గించాలని ఆయన గట్టిగా చెప్పారు. చుక్కల సీసా మీద ఏమేం కలిపారో ఒక్క అక్షరం లేదు. అడిగితే “ఒంట్లోని లోహాలను బయటికి పంపే ప్రకృతి సిద్ధమైన మందు” అన్నారు. అది విని డాక్టరు నిట్టూర్చారు. 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబు ఈ లోహాలు తీసే చికిత్స, అంటే కీలేషన్, చేయిస్తుండగానే చనిపోయాడట. సీసా తీసుకెళ్లి చెత్తలో వేశాను.

మార్పేమీ రాలేదు. నిద్ర చెడింది, మెల్ట్‌డౌన్లు, అంటే తట్టుకోలేక అదుపు తప్పి ఏడ్చి అరవడాలు, పెరిగాయి. “లోపలి మలినాలు బయటపడుతున్నాయి, మంచి లక్షణం” అన్నారు. మెరుగైతే వాళ్ల గొప్ప, దిగజారితే అదీ వాళ్ల గొప్పే!

ఇక రీఫండ్ అడగడానికి వెళ్లిన రోజు. ఫలితం కనిపించకపోతే డబ్బు వాపసు అని వాళ్ల కాగితంలోనే ఉంది. ఆ కాగితం బల్ల మీద పెట్టాను. డైరెక్టరుగారు నవ్వి సొరుగులోంచి ఒక ఫైలు తీశారు. అందులో ఏముందనుకున్నారు? మొదటి రోజు పక్కకు నెట్టేసిన మా రిపోర్టే! చీటీలన్న ఆ నాలుగు పేర్ల మీద వేలు పెట్టి, “ఒకటి, రెండు, మూడు, నాలుగు” అని లెక్కపెట్టారు. “మా హామీ ఒకే సమస్య ఉన్నవాళ్లకమ్మా. మీవాడికి నాలుగున్నాయి. పైగా మందులు ఆపలేదని మీరే ఒప్పుకున్నారు.” నెత్తి మీద ఆ గోడ రాత అలాగే ఉంది. చూపించాను. తలెత్తి చూడలేదు. బాబు నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. వాడికి ఏమీ అర్థం కాదన్నట్టు, వాడి వైపు చెయ్యి విసిరి, “ఇలాంటి కేసులు ఎవరి దగ్గరా బాగుపడవు” అన్నారు.

విన్న మాటను అదే గొంతుతో తిరిగి చెప్పడం వాడికి అలవాటు, ఎకోలేలియా అంటారు. ఇంటికి వచ్చే దారంతా “ఇలాంటి కేసులు ఎవరి దగ్గరా బాగుపడవు” అని అంటూనే ఉన్నాడు. చివర్లో ఆ చిన్న నవ్వుతో సహా. ఈ రోజు పొద్దున పళ్లు తోముకుంటూ కూడా అన్నాడు. దీనికి వాళ్ల ప్యాకేజీలో చుక్కలున్నాయేమో అడగాలి.

“ఇన్ని పేర్లు ఒకే బిడ్డకు ఎలా ఉంటాయి” అనే మాటకు మళ్లీ ఎవరూ పడకూడదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి నిర్ధారణ గ్రంథం ఒకప్పుడు ఆటిజం ఉన్న బిడ్డకు ఏడీహెచ్‌డీ కూడా ఉందని రాయనిచ్చేది కాదు. రెండూ కలిసి ఉన్న పిల్లలు డాక్టర్లకు ఎదురవుతూనే ఉండడంతో 2013లో వచ్చిన ఆ గ్రంథం ఐదో కూర్పు, డీఎస్‌ఎం-5, ఆ అడ్డు తీసేసింది. పేర్లు వేరుగా రాసేది మనల్ని భయపెట్టడానికి కాదు, చేయాల్సిన పని వేరు కాబట్టి. డిస్‌లెక్సియాకు మాత్ర లేదు, అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధాన్ని వరసగా, ఓపికగా నేర్పాలి. ఏడీహెచ్‌డీకి మందులున్నాయి, కానీ వాటిలో కొన్ని కొందరు పిల్లల్లో ఆందోళనను పెంచుతాయి. అందుకే ఒకదానికి ఇచ్చేటప్పుడు మిగతావి చూసుకునే డాక్టరు కావాలి. నాలుగింటినీ ఒకే సీసాలో పోసేవాళ్లు కాదు.

సరే, వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. ఉన్న థెరపీ మానుకోమంటే అక్కడి నుంచే వెనక్కి వచ్చేయండి. మందు ఆపమంటే రాసిన డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర కూడా తగ్గించకండి. రీఫండ్ షరతులు మీ బిడ్డకున్న అన్ని నిర్ధారణల పేర్లతో సహా రాసి సంతకం పెట్టమనండి, పెట్టరు. నేను వినియోగదారుల ఫిర్యాదు రాస్తున్నాను. అక్కడ కట్టి మోసపోయినవాళ్లు రసీదులు, ఆ హామీ కాగితం, చుక్కల సీసా పారేయకండి. నాలా సీసా చెత్తలో వేసేసినవాళ్లు కనీసం దాని ఫొటో ఉందేమో వెతకండి.