దేశీ పబ్బులో ఆఫీసు భోజనం: స్మెథిక్, వెస్ట్ బ్రామిచ్

బర్మింగ్‌హామ్‌ను ఆనుకుని ఉన్న స్మెథిక్, వెస్ట్ బ్రామిచ్ ఊళ్ళలో కొన్ని పబ్బులు చూడటానికి అచ్చమైన ఇంగ్లిష్ పబ్బులే. ఎర్ర ఇటుక గోడలు, చెక్క కౌంటరు, దాని మీద బీరు లాగే చేతిపంపులు. లోపల అడుగు పెడితే మాత్రం కాలిన ఉల్లిపాయ, కసూరి మేథీ వాసన. నడిపేది పంజాబీలు, వీటినే దేశీ పబ్బులంటారు. ఆఫీసు వాళ్ళతో భోజనానికి రెస్టారెంటు కన్నా ఇవే మేలు: తాగేవాళ్ళూ తాగనివాళ్ళూ, కారం కావాలనేవాళ్ళూ చిప్స్ తప్ప ముట్టనివాళ్ళూ ఒకే బల్ల దగ్గర సర్దుకుంటారు.

వీటి వెనకున్న కథ చిన్నది కాదు. ఇక్కడి ఫౌండ్రీల్లో పనికి వచ్చిన పంజాబీలకు 1960ల్లో చాలా పబ్బుల్లో మంచి గదులు మూసే ఉండేవి. 1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లజాతి హక్కుల నాయకుడు మాల్కం ఎక్స్ స్మెథిక్ వచ్చినప్పుడు, హై స్ట్రీట్‌లోని బ్లూ గేట్స్ పబ్బులో అలాంటి మంచి గదే అయిన స్మోక్ రూములో ఆయనకూ పానీయం ఇవ్వలేదు. ఆ ఏడాది చివర్లో వచ్చిన జాతి సంబంధాల చట్టం పబ్బుల్లో ఈ వివక్షను నిషేధించింది. తర్వాత్తర్వాత ఆ ప్రాంతపు పబ్బులు ఎన్నో పంజాబీల చేతికే వచ్చాయి. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళకు ఈ సంగతి చెప్పి తీసుకెళ్ళండి.

స్మెథిక్ వెళ్ళాలంటే బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ స్టేషన్ నుంచి లోకల్ రైలెక్కి రోల్ఫ్ స్ట్రీట్‌లో దిగితే సరి, హై స్ట్రీట్ పక్కనే. వెస్ట్ బ్రామిచ్‌లో ‘ది వైన్’ (Vine) అనే పబ్బుకు పేరు తెచ్చింది లోపలే ఉన్న బొగ్గుల పొయ్యి గది. అక్కడికి ట్రామ్ మీద వెళ్ళొచ్చు. ఆల్ సెయింట్స్ వే మీదున్న రెడ్ లయన్‌లో వలస జీవితాన్ని చూపే రంగుటద్దాల కిటికీలున్నాయి, కానీ దానికి టాక్సీయే సుఖం. హాథార్న్స్ స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు మాత్రం ఆ చుట్టుపక్కలకు పోవద్దు, బల్ల దొరకదు.

వెళ్ళేముందు ఫోన్ చేసి అడగాల్సింది బార్ ఎప్పుడు తెరుస్తారని కాదు, వంటిల్లు ఎప్పుడు మొదలవుతుందని. వారం మధ్యలో పొయ్యి సాయంత్రమే వెలిగించే పబ్బులు ఉంటాయి. కొన్నిచోట్ల బార్ ఒకరిది, వంటిల్లు మరొకరిది. డబ్బులు రెండు చోట్లా విడివిడిగా కట్టాలి. బల్ల దగ్గర కూర్చుంటే ఎవరూ వచ్చి అడగరు. బల్ల నంబరు చూసుకుని కౌంటర్ దగ్గరకు వెళ్ళి చెప్పాలి. తలా ఇరవై పౌండ్లు ముందే ఒకరి దగ్గర పోగేస్తే, పైంట్ తాగినవాడికీ సోడా తాగినవాడికీ మధ్య లెక్కల గొడవ ఉండదు.

ఆరుగురికి పెద్ద మిక్స్‌డ్ గ్రిల్ రెండు, పనీర్ టిక్కా ఒకటి, ఫిష్ పకోడా ఒకటి, దాల్ ఒకటి, మొగో ఒకటి చాలు. మొగో అంటే మన కర్రపెండలం వేపుడే, తూర్పు ఆఫ్రికా మీదుగా వచ్చిన భారతీయులు తెచ్చిన రుచి. నాన్‌లు ఒకేసారి ఆరు చెప్పొద్దు. మూడు ముందు, మూడు తర్వాత. చల్లారిన నాన్ తోలులా సాగుతుంది.

గ్రిల్ ఇనప పళ్ళెంలో చిటపటలాడుతూ వస్తుంది. అడుగున ఉల్లిపాయ చక్రాలు, పైన చికెన్ టిక్కా, వింగ్స్, సీఖ్ కబాబ్. పళ్ళెం బల్ల మీదకు వచ్చాక కూడా ఉడికిస్తూనే ఉంటుంది కాబట్టి ముందు సీఖ్ తీసి పక్కన పెట్టాలి, అదే అన్నిటికన్నా త్వరగా ఎండిపోతుంది. వింగ్స్ ఆగుతాయి. నిమ్మకాయను తీసుకున్న మాంసం ముక్క మీదే పిండాలి. వేడి ఇనుము మీద పడిందా, ఘాటైన ఆవిరి లేచి బల్ల మొత్తం దగ్గుతుంది.

చేతిపంపు బీరు 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఇస్తారు. చల్లగా లేదని తిప్పి పంపకండి, దాని తీరే అంత. బుడగలెక్కువున్న లాగర్ బీరు నాలుక మీద కారాన్ని ఇంకా రేపుతుంది, ఈ తిండికి మైల్డ్ అనే నల్లటి బీరు బాగా కుదురుతుంది. అయినా కారం దిగాలంటే పెరుగు రైతాయే గతి. మిరప ఘాటు నీళ్ళలో కరగదు, పాల ప్రోటీన్ దాన్ని పట్టేస్తుంది.

శాకాహారులుంటే ఆర్డర్ చెప్పేటప్పుడే రెండు ప్రశ్నలు అడగండి: మొగో, చిప్స్ వేయించే నూనెలోనే చేప పకోడాలు కూడా వేస్తున్నారా, పనీర్‌కు వేరే పళ్ళెం ఇస్తారా. ముస్లిం సహోద్యోగి ఉంటే మాంసం హలాలా అన్నది బుక్ చేసేటప్పుడే తేల్చుకోవాలి, ఇండియన్ వంట కదా అని అనుకుని ఊరుకుంటే ఆయన అక్కడ చిప్స్‌తో సరిపెట్టుకోవాల్సి వస్తుంది.