హైదరాబాద్ పడమటి దారుల్లో గ్రూప్ రైడ్: తొక్కి చూసిన రూట్లకు నా మార్కులు

మా సైకిల్ క్లబ్బులో ఆదివారం రూటు వేసే పని చాలాకాలంగా నా నెత్తినే ఉంది. అందుకని రోడ్లకు నేను వేసే మార్కులన్నీ గుంపు లెక్కలోనే. ఒక్కడే తొక్కుతుంటే పక్కకి ఒదిగి టిప్పర్‌ని పోనిస్తాడు. ఇరవై మంది బారుగా వెళ్తుంటే, వెనక కారు దాటాలంటే చాలా ఖాళీ కావాలి. అది దొరక్క డ్రైవర్ విసిగిపోయి, ఎదురుగా బండి వస్తున్నా దూరేస్తాడు. అప్పుడు నలిగేది మనమే.

ముందు సోలార్ సైకిల్ ట్రాక్ సంగతి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న మొదలైంది. మొత్తం 23 కిలోమీటర్లు: నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5. వెడల్పు 4.5 మీటర్లు, నెత్తిన సోలార్ పలకల కప్పు. కొత్తగా చేరినవాళ్ళకి దీన్ని మించింది లేదు. చేత్తో సిగ్నల్ ఇవ్వడం, ముందువాడి చక్రానికి తగలకుండా తొక్కడం, గుంతని చూసి వెనక్కి అరిచి చెప్పడం అన్నీ ఇక్కడే నేర్పిస్తాం. అయితే ఆదివారం ఆరున్నర దాటిందంటే పిల్లల సైకిళ్ళు, సెల్ఫీలు, వాకింగ్‌వాళ్ళు. ఆ వెడల్పులోనే రాకా, పోకా. గంటకు ముప్ఫై మీద గుంపు దూసుకెళ్తే ప్రమాదం మనకు కాదు, మన వల్ల. స్పీడ్ గ్రూపుని అటు పంపడం మానేశాం.

గండిపేట చెరువు చుట్టూ తిరిగే రూటు నాకు అన్నిటికన్నా ఇష్టం, తలనొప్పి కూడా దానితోనే ఎక్కువ. మనం ఎడమ వైపు నడిచే దేశం కాబట్టి, ఎడమ మలుపులే ఎక్కువున్న దారి గుంపుకి మంచిది. కుడికి తిరగాలంటే ఇరవై మందీ రోడ్డు మధ్యకి రావాలి, సగం మంది దాటాక ఎదురు నుంచి బండి వస్తుంది, గుంపు రెండు ముక్కలవుతుంది. అందుకే చెరువు మన ఎడమ చేతికి ఉండేలా ఖానాపూర్, జన్వాడ వైపు వెళ్ళి చిల్కూరు మీదుగా తిరిగొస్తాం. చిల్కూరు బాలాజీ గుడిలో పదకొండో, నూటెనిమిదో ప్రదక్షిణలు చేసే ఊళ్ళో మాది మాత్రం అప్రదక్షిణం.

కానీ ఇలా తిరిగితే రెండు చిక్కులు. చిల్కూరు చేరేసరికి గుడి రద్దీ మొదలవుతుంది. కార్లు ఎక్కడ పడితే అక్కడ ఆగుతాయి, చూడకుండా డోర్లు తీస్తారు. రెండోది ఎండ. తిరుగు దారిలో తూర్పుకి తొక్కుతాం కాబట్టి పొద్దు సూటిగా కళ్ళలో పడుతుంది. మనకి ఇబ్బందే గానీ, అసలు భయం వెనక వచ్చే డ్రైవర్‌తో. అద్దం మీద దుమ్ముంటే ఎండలో ముందున్న సైకిళ్ళు అతనికి కనబడనే కనబడవు. తెల్లారాక కూడా వెనక లైటు వెలిగించే ఉంచమనేది ఇందుకే. వేసవిలో అయిదింటికల్లా బయల్దేరి ఎండ ముదిరేలోగా చిల్కూరు దాటేస్తాం. జనవరిలో ఇది కుదరదు, తెల్లారేదే ఏడుకి కాస్త ముందు. ఆ నెలల్లో గండిపేట చుట్టుని శనాదివారాలు కాకుండా మామూలు రోజులకి మార్చాను. ఆఫీసులకి పోయేవాళ్ళు ఇప్పటికీ గొణుగుతూనే ఉంటారు.

చేవెళ్ళ రోడ్డు మా లిస్టులోంచి తీసేశాం. మర్రిచెట్ల నీడ వల్ల ఫొటోలకి ఆ దారి స్వర్గం. సైక్లిస్టులు తమ రైడ్లు నమోదు చేసుకునే స్ట్రావా యాప్‌లో, ఎక్కువమంది తొక్కిన దారుల్ని వెలుగుతో చూపే హీట్‌మ్యాప్ మీద కూడా ధగధగలాడుతుంది. ఆ మెరుపు చాలామంది అక్కడ తొక్కారని మాత్రమే చెబుతుంది, క్షేమంగా తొక్కారని కాదు. మేం తొక్కిన రోజుల్లో రెండే లైన్లు, తారు అంచుకి ఆనుకునే చెట్ల మొదళ్ళు, పక్కకి దిగడానికి జాగా లేదు. ఎండా నీడా చారలు చారలుగా పడుతుంటే ముదురు రంగు జెర్సీ వేసుకున్నవాడు నీడలో కలిసిపోతాడు. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, బస్సు ఢీకొని ఎంతోమంది పోయారు. రోడ్డు వెడల్పు పూర్తిగా అయ్యేదాకా గుంపుని అటు తీసుకెళ్ళను. ఒంటరిగా వెళ్తామనేవాళ్ళని ఆపలేను.

శంకర్‌పల్లి దాటి పల్లెల్లోకి దిగితే బళ్ళు తగ్గుతాయి. ఏడాదిలో చాలాభాగం మంచి మార్కులే. కోతలప్పుడు మాత్రం, అంటే నవంబరు, డిసెంబరుల్లోనూ మళ్ళీ ఏప్రిల్, మేలలోనూ, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. రాత్రికి నల్ల టార్పాలిన్ కప్పి అంచుల మీద రాళ్ళు పెడతారు. వేకువ చీకట్లో ఆ రాయి హెడ్‌లైట్‌కి దగ్గరికొచ్చేదాకా తెలియదు. రైతుని అనడానికి లేదు, కల్లాలు లేక రోడ్డు మీదికి వస్తాడు. ఆ నెలల్లో ముందు రోజు ఒకరు బండి మీద వెళ్ళి చూసొస్తారు, లేదంటే వెలుగొచ్చాకే బయల్దేరతాం.

ఇక గుంపుని ఎనిమిదేసి మందిగా విడగొట్టి, మధ్యలో ఒక కారు దూరేంత ఖాళీ ఉంచడం వల్ల వచ్చిన తేడా ఏ రూటు మార్పు వల్లా రాలేదు. హారన్ల గోల సగం తగ్గింది.

టిఫిన్ ఎక్కడన్నది కూడా రూటులో భాగమే. టిఫిన్ బండి రోడ్డుకి ఎడమ పక్కన ఉండాలి, సైకిళ్ళు తారు దిగి నిలబెట్టే జాగా ఉండాలి. మా పాత ఇడ్లీ బండి కుడి పక్కన, మలుపు దాటిన వెంటనే ఉండేది. దాన్ని మార్చినందుకు ఇప్పటికీ నన్ను తిట్టుకునేవాళ్ళున్నారు. అక్కడి అల్లం చట్నీ నిజంగానే బాగుంటుంది మరి.