ఓడి వచ్చిన మరునాడు వెళ్లదగిన కొట్టు: పాత పోస్టాఫీసు దగ్గరి గాలాల దుకాణం

విశాఖలో పాత పోస్టాఫీసు దగ్గర బస్సు దిగి ఫిషింగ్ హార్బర్ వైపు నడిచే దారిలో, ఒక సందు మొదట్లో బోర్డు లేని చిన్న గాలాల కొట్టు ఉంది. తలుపు రెక్కకు ఆనించిన వెదురు కర్రలు, గడప పక్కన రేకు డబ్బాలో పోసి ఉంచిన సీసపు గుండ్లు తప్ప అక్కడ ఏ వ్యాపారం జరుగుతుందో చెప్పే గుర్తు మరొకటి లేదు. నాలుగేళ్లుగా నేను అక్కడికి వెళుతూనే ఉన్నాను కానీ, ఆ కొట్టు విలువ నాకు నిజంగా తెలిసింది మొన్న కార్తీకమాసంలో, శారదా నది ఒడ్డున జరిగిన పోటీలో దారుణంగా ఓడిపోయి వచ్చిన మరునాడే. అందుచేత ఈ సమీక్షలో సరుకుల ధరల కంటే, ఓడిన మనిషి తన సామగ్రి పట్టుకుని అక్కడికి వెళితే ఏమి జరుగుతుందన్నదే ఎక్కువగా చెబుతాను.

మాది పెద్ద పోటీ కాదు. విశాఖ, గాజువాక, అనకాపల్లి ప్రాంతాల్లో గాలం మీద మక్కువ ఉన్న 24 మందిమి కలిసి ఏడాదికి రెండు మూడు సార్లు పెట్టుకునేది. ఉదయం 6 గంటలకు చీటీలు తీస్తాము. ఎవరికి ఏ నంబరు వస్తే వారు ఆ నంబరు గుంజ దగ్గరే 11 గంటల వరకు కూర్చోవాలి. పట్టిన చేపలను నీటిలోకి వేలాడదీసిన వల సంచిలో ప్రాణంతో ఉంచి, చివరన తూకం వేసి, తిరిగి నదిలోనే వదిలివేస్తాము. మొత్తం బరువు ఎవరిది ఎక్కువైతే వారిదే గెలుపు.

నాకు 17వ నంబరు వచ్చింది. అది ఏరు వంపు తిరిగే చోట బయటి వైపు ఒడ్డు. అక్కడ లోతూ ఎక్కువే, వడీ ఎక్కువే. రెండు రోజుల ముందు మాడుగుల కొండల వైపు వాన పడినందువల్ల నీరు బెల్లం పానకంలా ఎర్రబారి ఉంది. అయినప్పటికీ నెల రోజులుగా మనసులో అనుకున్న పద్ధతినే పట్టుకుని, నీటి మీద తేలే బెండు కట్టి, గోధుమపిండి ముద్ద గుచ్చి, నడినీటిలో శీలావతి చేప కోసం గాలం వేశాను. రెండున్నర గంటల పాటు బెండు వడికి కొట్టుకుపోవడం, నేను దాన్ని వెనక్కి లాగి మళ్లీ వేయడం తప్ప ఏమీ జరగలేదు. ఎనిమిదిన్నర దాటాక బెండు ఒక్కసారిగా పక్కకు జారి మునిగింది. కర్ర వంగింది, రీలు గిరగిరా తిరిగి దారం వదిలింది, చేప నడి ఏటి వైపు మళ్లింది. ఆ బరువు చేతికి తెలిసిన క్షణంలోనే దారం తెగి, కర్ర నిటారుగా లేచి నిలబడింది. మిగిలిన సమయంలో నాకు దక్కినవి రెండు పరిగెలు, ఒక చిన్న జెల్ల. మూడూ కలిపి 180 గ్రాములు తూగాయి. గెలిచిన మిత్రుని సంచి 4 కిలోలు దాటింది. నేను 22వ స్థానంలో నిలిచాను.

అనకాపల్లి నుంచి విశాఖకు ఉన్న సుమారు 35 కిలోమీటర్ల దారి పొడవునా నేను చీటీనే తిట్టుకున్నాను. ఇంటికి చేరగానే మా అబ్బాయి గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చి, "ఎన్ని పట్టావు నాన్నా?" అని అడిగాడు. మూడు అని చెప్పాను కానీ, వాటి బరువు చెప్పడానికి నోరు రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక, నా ఓటమికి చీటీయే కారణమని నన్ను నేను ఒప్పించుకోవడానికి చాలా ప్రయత్నించాను. చీటీ ప్రభావం కల్పన ఏమీ కాదు. మంచినీటి గాలపు వేటలో జరిగే ప్రపంచ పోటీల్లో సైతం ఒడ్డును ఐదు భాగాలుగా విడదీసి, జట్టులోని ఐదుగురిని భాగానికొకరుగా కూర్చోబెట్టి, ఎవరి భాగంలో వారికి వచ్చిన స్థానాన్ని బట్టే పాయింట్లు లెక్కిస్తారు. ఒడ్డంతా ఒక్క తీరుగా ఉండదని వారికీ తెలుసు కాబట్టే ఆ ఏర్పాటు. అయితే అవే పోటీల్లో ఇంగ్లండుకు చెందిన అలన్ స్కాథోర్న్ 1996, 1997, 1998 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు వ్యక్తిగత విజేతగా నిలిచారు. చీటీ ఒక్కటే గెలుపును నిర్ణయించేదైతే అలా జరగడానికి వీలు లేదు. ఈ ఆలోచన రాగానే చీటీని వదిలి కర్రను తప్పుపట్టడం మొదలుపెట్టాను. తెల్లవారేసరికి కొత్త కర్ర కొనాలన్న నిర్ణయానికి వచ్చాను.

సాయంత్రం కొట్టుకు వెళ్లి, 3.6 మీటర్ల కార్బన్ కర్ర కావాలని అడిగాను. యజమానికి అరవై ఏళ్లు పైబడి ఉంటాయి. ఆయన చిన్ననాడు తండ్రితో తెప్ప మీద సముద్రంలోకి వెళ్లినవారు. నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయన కొత్త కర్రలున్న మూల వైపు కనీసం తల కూడా తిప్పకుండా, "పాత కర్రకేటయ్యింది బాబూ? తెగిన కొస పారీసినావా, ఉంచినావా?" అని అడిగారు. అదృష్టవశాత్తు రీలును విప్పకుండా అలాగే తీసుకువెళ్లాను. ఆయన దారం కొసను దీపం కిందికి తీసుకుని, వేలి చివరల మధ్య నెమ్మదిగా దొర్లించి చూశారు. ముడి జారిపోతే కొస పందితోకలా మెలి తిరిగి ఉంటుందట. నా దారం మెలి తిరగలేదు. కొస దగ్గర తెల్లబారి, సన్నని గరుకుతో పీచు లేచినట్టు ఉంది. పైగా అది తెగింది గాలం దగ్గర కాదు, దానికి మీటరు పైన.

తర్వాత ఆయన చేసిన పనిని చదువరులు ఇంట్లో కూడా చేసి చూసుకోవచ్చు కనుక వివరంగా రాస్తున్నాను. బల్ల సొరుగులోంచి చిటికెడు దూది తీసి, ఒత్తిలా పేని, కర్ర మీద దారం దూరే ఒక్కొక్క రింగులోనూ దాన్ని దూర్చి చుట్టూ తిప్పారు. మొదటి ఐదు రింగుల్లో దూది ఏ అడ్డూ లేకుండా జారిపోయింది. కొసన ఉన్న రింగు దగ్గరకు వచ్చేసరికి రెండు మూడు పోగులు రింగుకు పట్టుకుని అక్కడే మిగిలిపోయాయి. రింగు లోపలి వైపు ఉండే పింగాణీ లాంటి నున్నని పూతలో, కంటికి కనిపించనంత సన్నని చీలిక ఉంది. మోటారుసైకిలు పక్కన కట్టి తీసుకువెళుతున్నప్పుడు ఎక్కడో తగిలి ఉంటుందని ఆయన అభిప్రాయం. నేను చేప కోసం ఉదయమంతా దారం వేసి లాగిన ప్రతిసారీ ఆ చీలిక దారాన్ని కొద్దికొద్దిగా కోస్తూ వచ్చిందన్నమాట. రాత్రంతా నేను తలచుకుని బాధపడిన ఆ చేప పోయింది, గోరులో పదోవంతు కూడా లేని ఆ గీత వల్ల. దూది పోగులు రింగుకు వేలాడుతుండగా చూసినప్పుడు నాకు కలిగినది సిగ్గు కాదు, గొప్ప ఊరట. కారణం తెలియని ఓటమి మనిషిని తినేస్తుంది, కంటి ముందు కనిపించే లోపాన్ని సరిచేసుకోవచ్చు.

కొస రింగు మార్చడానికి ఆయనకు పావుగంట కూడా పట్టలేదు. రింగు గొట్టానికి మాత్రమే వేడి తగిలేలా చిన్న మంటను దూరం నుంచి చూపి, లోపలి జిగురు మెత్తబడగానే పాతదాన్ని లాగివేసి, కొత్తదాన్ని మిగిలిన రింగులతో ఒకే వరసలో ఉండేలా కన్ను ఆనించి చూసి అతికించారు. వేడి కర్రకు తగిలితే కార్బన్ దెబ్బతింటుందని, ఇంట్లో ప్రయత్నించవద్దని గట్టిగా చెప్పారు. రింగుకు 90 రూపాయలు, 0.25 మిల్లీమీటర్ల కొత్త నైలాన్ దారానికి 160 రూపాయలు తీసుకున్నారు. పనికి విడిగా ఏమీ తీసుకోలేదు. వేల రూపాయల కర్ర కొనడానికి సిద్ధపడి వచ్చిన మనిషిని 250 రూపాయల ఖర్చుతో పంపించిన వ్యాపారిని నేను మరొకరిని చూడలేదు.

అంతటితో ఆగితే దీన్ని మంచి మరమ్మతు దుకాణం అని మాత్రమే రాసి ఉండేవాణ్ణి. జిగురు ఆరే లోపల ఆయన నన్ను అడిగిన ప్రశ్నలే నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. నా ఎడమ పక్కన కూర్చున్న వ్యక్తికి ఏ చేప పడింది? గెలిచిన మనిషి ఎర ఏమిటి? తెల్లవారేసరికి నీరు పెరుగుతూ ఉందా, తీస్తూ ఉందా? ఒడ్డు రాళ్ల మీద తడి గుర్తు చూశావా? ఎగువన రైవాడ జలాశయం నుంచి నీరు వదిలారేమో కనుక్కున్నావా? వీటిలో ఒక్కదానికి మాత్రమే నేను జవాబు చెప్పగలిగాను. గెలిచిన మిత్రుడు ఎర్రలు, అంటే వానపాములు, గుచ్చి, ఒడ్డుకు రెండు మీటర్ల లోపల, అడుగుకు ఆనేలా గాలం వేశాడు. అతని సంచిలో ఎక్కువ భాగం మోసు చేపలే.

"నీళ్లు ఎర్రగున్నప్పుడు, వడున్నప్పుడు చేప నడి ఏట్లో ఎందుకుంటాది బాబూ? ఒడ్డుకొచ్చీద్ది" అన్నారాయన. బొచ్చె పైనీటిలోను, శీలావతి నడినీటిలోను, మోసు అడుగునను మేస్తాయన్నది నాకు తెలియని విషయం కాదు. అయితే నీరు మారితే చేప చోటు కూడా మారుతుందన్న సంగతిని పోటీ ఒత్తిడిలో పూర్తిగా మరచిపోయాను. వడి ఎక్కువైనప్పుడు చేపలు ఈదే శ్రమ తప్పించుకోవడానికి ఒడ్డు పక్కన, చెట్ల వేళ్ల చాటున, నీరు నెమ్మదించే చోట్లకు చేరతాయి. బురద నీటిలో ముద్ద వాటి కంటికి ఆనదు, కదిలే ఎర్ర అయితే వాసనకీ కదలికకీ తెలుస్తుంది. పిండి ముద్దనే వాడదలచుకుంటే అందులో తవుడు, వేరుశనగ చెక్క కలిపి, చేతికి గట్టిగా తగిలేలా పిసికి, ఒడ్డు పక్కనే కొద్దికొద్దిగా వేయమన్నారు. నా 17వ గుంజ దగ్గర కూడా కాళ్ల కిందనే అటువంటి చోటు ఒకటి ఉంది. నేను ఐదు గంటలసేపు దాని మీదుగానే గాలం విసిరాను.

ఇక లోపాల సంగతి. కొట్టు చాలా ఇరుకు. ఇద్దరు లోపల ఉంటే మూడో మనిషి సందులో నిలబడాలి. సముద్రపు వేటకు కావలసిన పెద్ద గాలాలు, మందపు దారాలు ఎప్పుడూ ఉంటాయి కానీ, నదిలో చిన్న చేపకు కావలసిన 14, 16 నంబర్ల గాలాలు తరచుగా ఉండవు. కొత్తగా ఈ వేటలోకి వచ్చేవారు గమనించాలి, నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. ఆ సంగతి తెలియక నేను మొదట్లో అక్కడే తప్పు గాలాలు కొన్నాను, ఆయన కూడా అడగకుండా ఇచ్చేశారు. వల సంచులు, మేత నింపి నీటిలోకి దించే తీగ బుట్టలు అసలు దొరకవు. చెప్పిన రోజుకు రీలు మరమ్మతు పూర్తి కావడం కూడా అరుదు. నా స్నేహితుని రీలు ఒకసారి మూడు వారాలు అక్కడే ఉండిపోయింది, ఫోను చేసినా సరైన సమాధానం రాలేదని ఆయన ఇప్పటికీ కోపంగా ఉన్నారు. ఆ కోపం న్యాయమైనదే. పోటీకి ముందు వారంలో రీలు అక్కడ ఇవ్వవద్దనే నా సలహా.

తర్వాతి ఆదివారం పోటీ ఏమీ లేకపోయినా ఒంటరిగా శారద ఒడ్డుకు వెళ్లి, అదే వంపు దగ్గర కూర్చున్నాను. నీరు తీసింది కానీ రంగు ఇంకా పూర్తిగా విరగలేదు. ఎర్ర గుచ్చి, అడుగుకు ఆనేలా, నా కాళ్లకు రెండు బారల దూరంలో గాలం వేశాను. మధ్యాహ్నం లోపల మూడు మోసులు, ఒక జెల్ల పడ్డాయి. పెద్ద మోసు కిలోకు దగ్గరగా ఉంటుంది. ఈసారి ఇంటికి వచ్చాక అబ్బాయికి చేపల లెక్కతో పాటు బరువు కూడా చెప్పాను.

ఆ కొట్టుకు వెళ్లదలచినవారు సాయంత్రం ఐదు దాటాక వెళితే యజమాని తీరిగ్గా మాట్లాడతారు. ఉదయం పడవల వాళ్ల తాకిడి ఎక్కువ. కర్రను, రీలును విడదీయకుండా మొత్తంగా తీసుకువెళ్లండి. దారం తెగి ఉంటే ఆ కొసను కత్తిరించకుండా అలాగే ఉంచండి, ఆయన మొదట అడిగేది అదే.