మనసు కలచివేసే వార్త విన్న రోజున: సాగరతీర నడకా, డాబా మీది మొక్కలా?

విశాఖ ఉక్కు కర్మాగారంలో ప్రభుత్వ వాటాను పూర్తిగా ఉపసంహరించడానికి 2021 జనవరి 27న ఆర్థిక వ్యవహారాల మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదించగా, ఆ వార్త ఈ నగరంలో ఎన్నో ఇళ్లను కలచివేసింది. అటువంటప్పుడు మనసు కుదుటపరచుకోవడానికి విశాఖవాసికి అందుబాటులో ఉన్న వ్యాపకాల్లో రామకృష్ణా బీచ్‌లో నడక ఒకటి, డాబా మీద మొక్కల పెంపకం మరొకటి.

నడకకు ఖర్చు లేదు. కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల దాటి, అలల హోరు వింటూ సాగితే ఒంట్లోని బిగువు సడలుతుంది. అయితే తెలిసినవారు ఎదురైతే మాట మళ్లీ ఆ వార్త మీదికే పోతుంది.

మొక్కల పని అలా కాదు. రాత్రి నానబెట్టిన మెంతులను తొట్టిలోని తడిమట్టిపై చల్లి, వేళ్లతో పలుచగా మన్ను కప్పి, నీళ్లు చిలకరిస్తున్నంతసేపూ మట్టి అంటిన చేతులతో ఫోను ముట్టుకోలేము. కొద్ది రోజుల్లోనే మొలకలు గింజ పొట్టును తలపై మోస్తూ పైకి లేస్తాయి. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో తొట్లను గోడ చాటున పెట్టుకోవాలి. వార్త విన్న రోజున మొక్కలనే ఎంచుకోమంటాను. ఏం చేయాలో నలుగురితో మాట్లాడగలిగే స్థిమితం వచ్చాక నడకకు వెళ్లడం మేలు.