కుక్కకు ఒకే ఆటా, మూడు నాలుగు ఆటలా: ఏది మేలు?

అమెరికాలో ఉంటూ బోర్డర్ కోలీనో జర్మన్ షెపర్డ్‌నో పెంచుకునేవాళ్ళు కుక్కపిల్లను ట్రైనింగ్ క్లబ్బుకు తీసుకెళ్ళిన కొత్తల్లోనే ఒక సందిగ్ధంలో పడతారు. సోమవారం ఒబీడియన్స్ (చెప్పిన మాట వినడం) క్లాసు, బుధవారం ఎజిలిటీ (అడ్డంకులు దాటుతూ పరుగు), శనివారం నోస్ వర్క్ (దాచిన వాసన వెతకడం). కుక్క దేనికీ వద్దనదు. ఇంతలో క్లబ్బులో ఒక సీనియర్ వచ్చి "ముందు ఒక్కటి గట్టిగా నేర్పండి, అన్నీ కలిపితే కుక్క కన్‌ఫ్యూజ్ అయిపోతుంది" అంటారు. పక్కనే ఉన్న ఇంకొకరు "మా కుక్క నాలుగు ఆటలు ఆడుతుంది, ఏమీ కాలేదు" అంటారు. ఇంటికొచ్చేసరికి మనకు టెన్షన్.

నా ఉద్దేశంలో ఎన్ని ఆటలని లెక్కపెట్టడం కన్నా, ఏ ఆటకు ఏ ఆటను జత చేస్తున్నామో చూసుకోవడం మేలు. పెద్దగా పోలిక లేని ఆటలు ఒకే కుక్కలో హాయిగా ఇముడుతాయి. పోలికలు ఎక్కువున్న ఆటలే ఒకదాన్నొకటి చెడగొడతాయి. తెలుగు, కన్నడ లిపులు ఒకేసారి దిద్దే పిల్లవాడు తడబడతాడు గానీ తెలుగు, ఇంగ్లిష్ కలిపి దిద్దేవాడికి ఆ ఇబ్బంది రాదు. ఇదీ అంతే.

అసలు కుక్క బుర్రకు పడుతుందా?

పడుతుంది. జర్మనీలో పుట్టి, ఒకప్పుడు షుట్జ్‌హుండ్ అనీ తర్వాత ఐపీఓ అనీ పిలిపించుకుని, 2019 నుంచి ఐజీపీ అయిన పోటీనే చూడండి. అందులో మూడు భాగాలు. మొదటిది ట్రాకింగ్, అంటే నేల మీద మనిషి నడిచిన జాడను ముక్కుతో పట్టుకుని వెళ్ళడం. రెండోది ఒబీడియన్స్. మూడోది రక్షణ, అంటే మందపాటి స్లీవ్ వేసుకున్న మనిషిని అడ్డుకుని పట్టుకోవడం, చెప్పగానే వదిలేయడం. ఒక్కోదానికి వంద మార్కులు, ప్రతిదానిలోనూ కనీసం 70 రావాలి. పొద్దున పొలంలో ముక్కు నేలకానించి నెమ్మదిగా నడిచిన కుక్కే తర్వాత మైదానంలో మెరుపులా మనిషి మీదికి వెళ్తుంది. మూడూ ఒకదానికొకటి ఎంత దూరమో చూడండి. అందుకే అవి ఒకే బుర్రలో తన్నుకోవు.

వారంలో రోజులు పంచుకుంటే ఏ ఆటా సరిగ్గా రాదేమోనన్న భయానికి డెన్మార్క్ పరిశోధకులు కొంత జవాబిచ్చారు. 2008లో వచ్చిన వాళ్ళ అధ్యయనంలో, వారానికి ఐదు రోజులు నేర్పిన బీగిల్స్ కన్నా వారానికి ఒక్కరోజు నేర్పినవే తక్కువ పాఠాల్లో పని నేర్చుకున్నాయి. క్యాలెండర్ ప్రకారం మాత్రం వాటికే ఎక్కువ కాలం పట్టింది. 2011లో 44 బీగిల్స్‌తో చేసిన ఇంకో అధ్యయనంలోనూ, రోజూ నేర్పడం కన్నా వారానికి ఒకటి రెండు సార్లు నేర్పడం, వెంటవెంటనే మూడు పాఠాలు చెప్పడం కన్నా ఒక్క పాఠంతో ఆపేయడం మెరుగని తేలింది. అవి ల్యాబ్ కుక్కలు, నేర్పింది చిన్న పని. దీన్ని పట్టుకుని ఎజిలిటీలో పన్నెండు కర్రల మధ్య మెలికలు తిరగడం కూడా వారానికోసారి నేర్పితే వచ్చేస్తుందని అనుకోకూడదు. కానీ ఎజిలిటీకి సెలవిచ్చిన రోజు నోస్ వర్క్ చేయిస్తే ఎజిలిటీ ఏమీ నష్టపోదని ధైర్యంగా చెప్పొచ్చు.

ఒబీడియన్స్, ఎజిలిటీ: అందరూ భయపడే జత

ఈ రెండూ కలపొద్దనే సలహా తరచు వినిపిస్తుంది. కారణం కూడా గట్టిదే. ఒబీడియన్స్ రింగులో కుక్క మన ఎడమ పక్కనే, మోకాలికి సమంగా నడవాలి. ఎక్కువమంది తల పైకెత్తి ముఖం చూస్తూ నడిచేలా నేర్పుతారు. మాట ఒక్కసారే చెప్పాలి, రెండోసారి చెబితే మార్కులు పోతాయి, ఒక్కోసారి రౌండే పోతుంది. ఎజిలిటీ దీనికి పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది. కుక్క మనల్ని వదిలి ముందుకు పరిగెత్తాలి, కుడి ఎడమలు రెండూ ఒకటే, ముఖం కన్నా మన భుజాలూ పాదాలూ ఎటు తిరిగాయో చూడాలి. గొంతు చించుకుని ఎన్నిసార్లు అరిచినా ఎవరూ మార్కులు కోయరు.

ఇంత తేడా ఉండటమే ఇక్కడ మనకు మేలు. ఎజిలిటీ 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ అనే కుక్కల ప్రదర్శన మధ్యలో విరామ వినోదంగా, గుర్రాల జంపింగ్ పోటీల పద్ధతిలో మొదలైంది. ఆ మైదానం చూస్తే ఇప్పటికీ కుక్కకు వేరే లోకంలోకి వచ్చినట్టే ఉంటుంది. బార్లు, గొట్టాలు, ఏటవాలు పలకలు కనిపించగానే "ఇక్కడ పరుగు" అని దానికి అర్థమైపోతుంది. ఖాళీ రింగు, నెమ్మదిగా నడిచే జడ్జి కనిపిస్తే "ఇక్కడ ఒద్దిక". పైగా ఒబీడియన్స్ పై మెట్టయిన యుటిలిటీలో కుక్క మనల్ని వదిలి దూరంగా వెళ్ళి, మనం చూపిన బార్ మీంచి దూకి రావాలి. ముందుకు పరిగెత్తడం తెలిసిన ఎజిలిటీ కుక్కకు అది సగం వచ్చినట్టే.

చిక్కు వచ్చేది మాటల దగ్గర. రెండు ఆటల్లోనూ "డౌన్" అని, ఒకచోట నిదానంగా పడుకుంటే ఊరుకుని ఇంకోచోట టకీమని పడుకోవాలంటే కుక్క ఏం చేస్తుంది? ఒక్కో పనికి ఒక్కో మాట ఉండాలి. ఇక్కడ తెలుగువాళ్ళకు ఒక సౌకర్యం ఉంది, సగం మాటలు ఇంగ్లిష్‌లో, సగం తెలుగులో పెట్టుకోవచ్చు. వాసన వెతకడానికి "వెతుకు", జాడ పట్టడానికి "పద". అయితే ఇంట్లో పిల్లలూ అమ్మమ్మా రోజంతా వాడే "రా", "కూర్చో" లాంటివి పోటీకి పెట్టుకోకండి. భోజనాల వేళ అందరినీ పిలిచే మాట కుక్క చెవిలో ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది.

నోస్ వర్క్, ట్రాకింగ్: ఎవరూ భయపడని జత

రెండూ ముక్కు పనులే కదా, ఒకటి నేర్పితే రెండోది ఫ్రీగా వస్తుందనుకుంటారు. నేను ఎక్కువ జాగ్రత్త చెప్పేది ఈ జతకే. నోస్ వర్క్‌లో బర్చ్, యానిస్, లవంగం లాంటి నూనెల వాసన ఎక్కడ దాచారో కుక్క కనిపెట్టాలి. తల పైకెత్తి గాలిలో వాసన అందుకుని, అడ్డదారిన నేరుగా మూలానికి వెళ్ళిపోయే కుక్కే తెలివైనది. ట్రాకింగ్‌లో, ముఖ్యంగా ఐజీపీ పద్ధతిలో, అదే తెలివి తప్పవుతుంది. అడుగు పడిన చోటల్లా ముక్కు నేలకు ఆనాలి, ఒకే వేగంతో నడవాలి, మలుపు దగ్గర అడ్డం కొట్టకూడదు. నోస్ వర్క్ బాగా ఒంటబట్టిన కుక్క మలుపులో తల ఎత్తి గాలి చూసిందంటే ఆ క్షణమే మార్కులు పోతాయి. దొరికాక తెలియజేసే తీరు కూడా కలిసిపోతుంది. జాడలో వస్తువు కనపడితే పడుకోవాలి, నూనె వాసన దగ్గర కదలకుండా నిలబడి మన వైపు చూడాలి అని మీరు నేర్పి ఉంటే, రెండూ కలగాపులగం అవుతాయి.

అమెరికన్ కెన్నెల్ క్లబ్ ట్రాకింగ్‌లో ఇంత కాఠిన్యం లేదు. అక్కడ పాసో ఫెయిలో అంతే, నడక శైలికి మార్కుల్లేవు. టీడీ (ట్రాకింగ్ డాగ్) టైటిల్‌కు 440 నుంచి 500 గజాల జాడ చివరిదాకా పట్టుకుంటే చాలు. ఆ రకం ట్రాకింగ్‌తో నోస్ వర్క్ నడిచిపోతుంది. ఐజీపీ మీద ఆశ ఉంటే మాత్రం ముందు జాడ గట్టిపడేదాకా నోస్ వర్క్ మొదలుపెట్టకపోవడమే మంచిది. ఆ తర్వాతైనా హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) వేరు, మాట వేరు, చోటు వేరు ఉండాలి.

పోలీసులు చేసేదీ ఇదే. హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్ దగ్గరి శిక్షణ కేంద్రంలో పేలుడు పదార్థాలకు, మత్తుమందులకు, నేరస్తుల జాడకు కుక్కలను వేర్వేరుగా తయారు చేస్తారు. అమెరికా పోలీసుల్లో మత్తుమందులూ గస్తీ పనీ రెండూ చేసే కుక్కలు మామూలే. కానీ మత్తుమందులూ పేలుడు పదార్థాలూ ఒకే కుక్కకు నేర్పరు. పెట్టె ముందు అది కూర్చుంటే లోపలున్నది గంజాయో బాంబో తెలియకపోతే హ్యాండ్లర్ ఏం చేయాలి!

ఎజిలిటీ, ఫ్లైబాల్: ఒంటికి భారమైన జత

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫ్లైబాల్‌లో కుక్క 51 అడుగులు పరిగెత్తి, నాలుగు బార్లు దూకి, పెట్టె మీద కాలు తన్ని బంతి అందుకుని అదే వేగంతో తిరిగి రావాలి. ఒక హీట్ (పరుగు) తర్వాత ఇంకో హీట్. ఎజిలిటీ కుక్కల గాయాల మీద జరిగిన సర్వేల్లో ముందు వరసలో కనిపించేది భుజం. ఫ్లైబాల్ పెట్టె దగ్గర తిరిగే మలుపు భారమూ ముంగాళ్ళ మీదే, భుజాల మీదే. క్లబ్బులు వేరైనా భుజం ఒక్కటే. ఈ రెండింట్లో ఒకటి ఎంచుకుని, రెండోదాని స్థానంలో ముక్కు ఆటో ర్యాలీయో (బోర్డుల మీది సూచనల ప్రకారం కుక్కతో నడిచే ఆట) పెట్టుకోండి. బంతి పిచ్చి ఉన్న కుక్కకు ఫ్లైబాల్ మానిపించడం కష్టం, ఒప్పుకుంటాను.

ఒకే ఆట మేలయ్యే సందర్భం

ఒక్కదానిలోనే శిఖరం ఎక్కాలనుకునేవాళ్ళకు నా సలహా వేరు. వాళ్ళకు అడ్డొచ్చేది కుక్క బుర్ర కాదు, వారాంతాలు. ఎజిలిటీలో మాక్ (మాస్టర్ ఎజిలిటీ ఛాంపియన్) టైటిల్ రావాలంటే ఒకే రోజు స్టాండర్డ్, జంపర్స్ అనే రెండు రకాల రౌండ్లూ క్వాలిఫై కావాలి, అలాంటి రోజులు 20 ఉండాలి, దానికి తోడు 750 స్పీడ్ పాయింట్లు. ఒబీడియన్స్‌లో 200కి 170 వస్తే క్వాలిఫై అవుతాం గానీ ఛాంపియన్‌షిప్ పాయింట్లు రావాలంటే క్లాసులో ముందు స్థానాల్లో నిలవాలి. ఈ రెండు ఛాంపియన్‌షిప్‌లకూ ట్రాకింగ్ ఛాంపియన్ కలిపితే వచ్చే వర్సటైల్ కంపానియన్ ఛాంపియన్ టైటిల్ ఇప్పటిదాకా అతి కొద్ది కుక్కలకే దక్కింది. శుక్రవారం దాకా ఆఫీసు, శనివారం పిల్లల సంగీతం క్లాసు ఉన్న ఇంట్లో అది అయ్యే పని కాదు.

మిగతావాళ్ళు వయసును బట్టి వెళ్తే సరిపోతుంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆరు నెలలకే ఒబీడియన్స్, ర్యాలీ, ట్రాకింగ్, సెంట్ వర్క్ (నోస్ వర్క్‌కు ఆ క్లబ్ పేరు)లకు రానిస్తుంది. ఎజిలిటీకి 15 నెలలు నిండాలి. పెద్ద జాతుల్లో ఎముకలు పూర్తిగా గట్టిపడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది కాబట్టి ఆ తేడా సబబే. మొదటి ఏడాది ఒబీడియన్స్ పునాదులు, ఒక ముక్కు ఆట. ఎత్తు బార్లు, కర్రల మధ్య మెలికలు ఆ తర్వాత. ట్రయల్స్‌కు (పోటీలకు) మాత్రం ఒక సీజన్‌లో ఒకే ఆటను తీసుకెళ్ళి, రెండోదాన్ని ఇంటి దగ్గర మర్చిపోకుండా చూసుకుంటే కుక్కకూ మన జేబుకూ ఊపిరాడుతుంది. టెక్సస్ ఎండాకాలంలో ఎలాగూ ఎజిలిటీ మైదానం కాలిపోతుంటుంది, అప్పుడు ఏసీ గదిలో ముక్కు పని చేయించొచ్చు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్ళకు ఎజిలిటీ మైదానం దొరకడం కష్టమే. వాళ్ళు ఒబీడియన్స్‌తో పాటు నోస్ వర్క్ మొదలుపెట్టొచ్చు. నాలుగు అట్టపెట్టెలు, మందుల షాపులో దొరికే లవంగ నూనె, మూతకు చిల్లులు పెట్టిన చిన్న డబ్బా చాలు. నూనె చుక్కను దూది పుల్ల మీద వేసి డబ్బాలో పెట్టండి, కుక్క ముక్కుకు నేరుగా అంటనివ్వకండి.